ఏడో దాటు

ఘాజీ వస్తానన్నాడు. పోయిన వారం కథ అక్కడ ఆగింది. మోకాలు పోయి ఆట మానేసిన దగ్గర్నుంచి, పదకొండేళ్లుగా, స్ఫాక్స్‌లో టెన్నిస్ క్లబ్బు గడప తొక్కని ఘాజీ ఎల్లూజ్, పెద్ద కోర్టుకు తన పేరు పెట్టే రోజున వస్తానని ఫోనులో ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. "చేప మాత్రం వద్దు, వసీలా పిన్నీ," అన్నాడు. ఎందుకని ఆమె అడిగేలోపు ఫోను పెట్టేశాడు.

ఆ మాట వసీలాకు మింగుడు పడలేదు. ఆమె హన్నానా. పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెట్టడం దగ్గర్నుంచి అత్తవారింట్లో దిగబెట్టేదాకా వెంట ఉండడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. కొత్త జంట చేత నేల మీద పెట్టిన చేపను ఏడుసార్లు దాటించడం ఆ పనిలోదే. చేప దిష్టిని ఆపుతుందని ఊరి నమ్మకం. పసిపిల్లను చూసినా, కొత్త బండిని చూసినా, ముందు "హూతా అలీక్" అంటారు. నీ మీద చేప ఉండాలి అని. ఘాజీ సర్వీసు చేయబోయేముందు గ్యాలరీ అరిచే అరుపు కూడా అదే. దాన్ని మొదలుపెట్టింది వసీలాయే. ఇప్పుడు చేప వద్దంటే తనను వద్దన్నట్టేనని ఆమె అనుకుంది.

ఈద్ మూడో రోజు పొద్దున్నే ఆమె నాసర్ కాఫీ కొట్టుకు వెళ్లి సంగతి చెప్పింది. సాయంత్రమే సభ. అభిమానుల తరఫున మాట్లాడవలసింది ఆమె.

"డాక్టరు వద్దన్నాడేమో," అన్నాడు నాసర్, కప్పులు తుడుస్తూ. "నాకూ ఉంది. కొలెస్ట్రాలు."

"తినమనడం లేదుగా. దాటమంటున్నాం," అన్నాడు హెడీ. హెడీకి టాక్సీ ఉంది. పొద్దున పూట టాక్సీ కంటే ఈ కొట్లోనే ఎక్కువసేపు కనిపిస్తాడు. "సిగ్గేసుంటుంది వసీలక్కా. షఫార్ బీచ్ సెంటర్ ఫార్వర్డు కదా. చేపను చూస్తే సముద్రం గుర్తొస్తుంది, సముద్రాన్ని చూస్తే ఫుట్‌బాలు గుర్తొస్తుంది."

కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. వసీలా కూడా కొద్దిగా నవ్వింది. ఆ పేరు కూడా ఆమె పెట్టిందే.

పదకొండేళ్ల కిందట ఘాజీ పారిస్ టోర్నీకి వెళ్లి, మొదటి ఆట కూడా ఆడకుండా తప్పుకున్నాడు. బయలుదేరే ముందు స్నేహితులతో షఫార్ బీచ్‌లో ఫుట్‌బాలు ఆడితే మోకాలు మెలికపడిందని తనే పత్రికల వాళ్లతో చెప్పాడు. అంతకుముందు ఎడమ మణికట్టుకు రెండు ఆపరేషన్లు. ఆ రెంటినీ దాటి, ఇరవై ఏడేళ్ల వయసులో మళ్లీ పైకి వస్తున్న రోజులు. ఊరికి కోపం వచ్చింది. మణికట్టంటే దేవుడి పని, ఫుట్‌బాలంటే వీడి పని అన్నారు. కోపం కొన్నాళ్లకు చల్లారింది. పేరు మాత్రం నిలిచింది.

"నవ్వితే నవ్వాం గానీ," అన్నాడు నాసర్, "పలెర్మో సంగతి మాత్రం ఎవరూ తీసెయ్యలేరు."

ఇక ఆగడని అందరికీ తెలుసు. ఎవరూ ఆపలేదు.

పలెర్మో ఫైనల్‌కు ఊరి నుంచి ఓడలో వెళ్లినవాళ్లు ముప్పై మంది. వసీలా, హెడీ అందులో ఉన్నారు. ఘాజీ బంతి ఎగరేయబోయే ప్రతిసారీ ముప్పై గొంతులూ "హూతా అలీక్" అన్నాయి. రెండో సెట్టులో అంపైరు ఆట ఆపి, ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు. ఇటాలియన్ వచ్చినవాడు హెడీ ఒక్కడే. లేచి నిలబడి, "మీ మీద చేప అంటున్నాం సార్," అని అనువదించాడు. వీళ్లు కోర్టులోకి చేపలు విసరబోతున్నారని అంపైరుకు అర్థమైంది. సంచులు వెతికించాడు. వసీలా సంచిలో నిజంగానే డబ్బా చేపలు దొరికాయి. దారి తిండికి తెచ్చుకున్నవి.

"నన్నే బయటికి పంపారు," అంది వసీలా. "కప్పు ఎత్తడం నేను చూడనేలేదు. గోడ అవతల నిలబడి చప్పట్లు విన్నాను."

"నువ్వు గోడ అవతల నుంచి కూడా అరిచావు. మాకు వినిపించింది."

"వాడికీ వినిపించిందట. తర్వాత చెప్పాడు."

నాసర్ కప్పు కింద పెట్టాడు. "అప్పటికి మా నాన్నకు మాట పడిపోయి ఆరు నెలలు. ఈ మూలే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. టీవీలో బొమ్మ పోతూ వస్తూ ఉంది. ఆఖరి పాయింటుకి ముందు, కొట్టంతా ఊపిరి బిగబట్టి ఉంటే, 'హూతా' అన్నాడు. మేమంతా టీవీ వదిలేసి ఆయన వైపు తిరిగాం. ఆ పాయింటు నేనూ చూడలేదు." కప్పు మళ్లీ అందుకున్నాడు. "వాడు ఫుట్‌బాలు ఆడుకున్నాడో, గోళీలాడుకున్నాడో నాకెందుకు? నాకు ఇవ్వవలసింది ఇచ్చేశాడు."

"నేను చెప్పేది విను," అన్నాడు హెడీ. "పారిస్ విమానానికి వాణ్ణి ఎక్కించింది నేను. పెద్ద ఆటగాడు. వెనక సీటంతా ఖాళీ. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సీటు వెనక్కి జరుపుకుని, కాలు బారజాపుకుని, దారంతా నా కబుర్లు విన్నాడు. ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ఈ ఊళ్లో అంత మర్యాద ఇంకెవడికుంది?"

హెడీ ఈ సంగతి చెప్పడం ఎన్నోసారో ఎవరికీ గుర్తులేదు.

వసీలా లేచింది. "వాళ్ల ఇంటికి వెళ్తాను. ఎందుకు వద్దన్నాడో ముఖం చూసి అడుగుతాను. ఈలోగా చేప సంగతి ఎవరూ ఎత్తకండి."

"జైనెబ్ తలుపు తీస్తుందా నీకు?" అన్నాడు నాసర్.

ఆమె అప్పటికే కొట్టు మెట్లు దిగుతోంది.

జైనెబ్ ఘాజీ తల్లి. ఒకప్పుడు వసీలాకు పక్కింటి మనిషి. వసీలా భర్త పోయినప్పుడు ఆమె పిల్లలిద్దరూ నెల రోజులు జైనెబ్ వంటింట్లోనే తిన్నారు. ఘాజీ రాకెట్ పట్టిన కొత్తలో కోర్టు పక్క బెంచీ మీద ఇద్దరూ కూర్చుని కుట్టుపని చేసుకునేవారు. తర్వాత, ఏ మాటా అనుకోకుండానే, జైనెబ్ మొహం తిప్పేసుకుంది. కూతురి పెళ్లికి మహ్దియా నుంచి వేరే హన్నానాను పిలిపించింది. అది ఊరందరూ చూశారు. కొడుకు దెబ్బతిన్న దుఃఖంలో అలా అయిపోయిందని వసీలా తనకు తాను చెప్పుకుంది. తర్వాత ఆ మాటా చెప్పుకోవడం మానేసింది.

తలుపు తీసింది జైనెబ్. చేతుల్లో ఉల్లిపాయ వాసన.

"ఈద్ మబ్రూక్," అంది వసీలా.

"మూడో రోజుకు గుర్తొచ్చిందా పండగ?"

"పదకొండు పండగలకు నువ్వు పిలవలేదు."

"ఇప్పుడూ పిలవలేదు."

అలా అన్నది గానీ దారి విడిచింది. వసీలా లోపలికి వచ్చింది. వాకిలి మారలేదు. నాలుగు వైపులా గదులు, నడుమ పలకల నేల, మూలన నిమ్మచెట్టు. చెట్టుకు ఇవతల నేల మీద ఆకుపచ్చ రబ్బరు పట్టా ఒకటి పరిచి ఉంది. అది మాత్రం కొత్త. కాదు, అంచులు అరిగిపోయి ఉన్నాయి. తను చూడడమే కొత్త. వసీలా దాన్ని తప్పించుకుని పలకల మీదుగా నడవబోయింది.

"అటు కాదు. పట్టా మీద నడువు," అంది జైనెబ్. "అక్కడ నున్నగా ఉంటుంది. అక్కడే కదా వాడు…"

ఆగిపోయింది.

"వాడు?" అంది వసీలా.

జైనెబ్ పక్కనున్న గిన్నె మీద, పండగకు ఉల్లిపాయలూ ఎండుద్రాక్షా ఉడికించి చేసిన చర్మూలా మీద, పళ్లెం మూసింది. తెరిచింది. మళ్లీ మూసింది.

"వాడు ఏమిటి, జైనెబ్?"

"అమ్మా." లోపలి గదిలోంచి ఘాజీ వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లు. జుట్టు పలచబడింది. ఎడమ కాలు ముందు వేసి, కుడి కాలిని దాని పక్కకు చేర్చి గడప దిగాడు. "పిన్నీ, కూర్చో. ఎండలో వచ్చావు."

"కూర్చోను. మీ అమ్మ ఒక మాట సగంలో మింగింది. మిగతా సగం నువ్వు చెప్పు."

"ఏముంది, నేల జారుతుందని."

"చెప్పరా," అంది జైనెబ్. "చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. ఒట్టు పదకొండేళ్లు మోశాను. నా చేతుల్లో ఇక బలం లేదు."

ఘాజీ నిమ్మచెట్టు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కుడి కాలు చాపుకున్నాడు. అప్పుడు జైనెబే చెప్పింది. గొంతు పెంచలేదు. కొత్తిమీర కట్ట బేరమాడినట్టు చెప్పింది.

"పారిస్‌కు బయలుదేరే రోజు నువ్వు చేప తెచ్చావు. నేనే పిలిచాను నిన్ను. అది ఒప్పుకుంటాను. చేతికి రెండుసార్లు కత్తి పడింది, ఇంక పడకూడదు, దాటించమన్నాను. చేప కింద నీళ్లు కారుతున్నాయి. తుడుస్తానన్నాను. తుడవకూడదన్నావు. చేప నీళ్లు తుడిస్తే అదృష్టం తుడిచినట్టేనని మీ నానమ్మ చెప్పిందన్నావు. గుర్తుందా?"

గుర్తుంది. వసీలాకు అంతా గుర్తుంది. ఆ రోజును ఆమె ఇన్నేళ్లూ మంచి రోజుల్లో కలిపి దాచుకుంది. ఆరుసార్లు ఘాజీ నవ్వుతూ దాటాడు. ఏడోసారి కాలు జారింది. నిమ్మకొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. కొమ్మ విరిగి కాయలు రాలాయి. అందరూ నవ్వారు. తను కూడా నవ్వింది. బయట హెడీ హారను కొడుతున్నాడు. విమానం టైమైందని ఘాజీ సంచి అందుకున్నాడు. తను "హూతా అలీక్" అని అరిచింది. అతను వెనక్కి తిరగకుండా చెయ్యి ఊపాడు.

"జారాడు," అంది వసీలా నెమ్మదిగా. "జారి నిలబడ్డాడు. పడలేదు."

"పడలేదు," అన్నాడు ఘాజీ. "మోకాల్లో చిన్న చప్పుడయింది. తడి పుల్ల విరిగినట్టు. ఏమీ కాలేదనే అనుకున్నాను పిన్నీ. కారు దాకా నడిచాను."

"ముందు సీట్లో కూర్చున్నావు," అంది వసీలా.

ఘాజీ ఆమె వైపు చూశాడు.

"కాలు వంగక," అంది ఆమె. "సీటు వెనక్కి జరుపుకున్నావు. హెడీ ఇప్పటికీ చెప్పుకుంటాడు. నీ మర్యాద అని."

"చెప్పుకోనీ. కబుర్లు కూడా బాగానే చెప్పాడు ఆ రోజు."

వసీలా కూర్చుంది. స్టూలు లేదు. పట్టా మీదే కూర్చుంది. పట్టా అరిగిన అంచు సవరిస్తూ అడిగింది. "మరి షఫార్?"

"పిన్నీ, నేను ఫుట్‌బాలు ఆడగా నువ్వెప్పుడైనా చూశావా? మన వీధిలో నన్ను గోల్‌కీపరుగా కూడా నిలబెట్టేవాళ్లు కాదు. ఊరంతా నమ్మితే నమ్మింది. నువ్వెలా నమ్మావు?"

"నువ్వు చెప్పావని నమ్మాను."

"అందుకే చెప్పాను."

"ఎందుకు?"

అతను మోకాలి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "పారిస్‌లో పత్రికల వాళ్లు ఎలా జరిగిందని అడిగారు. మా వాకిట్లో చేప దాటుతుంటే అని చెప్పవచ్చు. వాళ్లు ఒకరోజు నవ్వుకుంటారు. నాకు ఒకరోజుతో పోతుంది. నీకు? హన్నానా వసీలా దాటిస్తే కాలు విరిగిందట అన్నాక, ఏ తల్లి తన కూతుర్ని నీ చేతిలో పెడుతుంది? నీ పెద్దది సాల్వా అప్పటికి పదో తరగతి. చిన్నదానికి ఇంకా పదేళ్లే. నువ్వు గోరింటాకు పెడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. నేను ఆ పొయ్యి పక్క కూడా తిన్నాను."

"నా చేత రొట్టె మీద ఒట్టు వేయించాడు," అంది జైనెబ్. "ఆసుపత్రి నుంచి ఫోను చేసి. నేను రొట్టె చేత్తో పట్టుకునే దాకా ఫోను పెట్టలేదు. పట్టుకున్నానమ్మా. నీ పేరు నా నోట రాలేదు. కానీ నీ మొహం చూడడం నాకు చేతకాలేదు. చూస్తే నీళ్లు కనిపించేవి. ఆ చేప కింద నీళ్లు."

వసీలా తల వంచుకుంది. మహ్దియా హన్నానా విషయంలో తను ఎన్ని ఇళ్లలో ఏమేమి అన్నదో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. జైనెబ్‌కు పొగరన్నది. సెంటర్ ఫార్వర్డు అన్న పేరు తన నోట పుట్టింది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు నవ్వాలని చెప్పేది. ఆ పెళ్లిళ్లకు తనను పిలవడానికి కారణమైన మనిషి మీద ఆ ఎగతాళి.

ఆ ఊళ్లో ఎవరికైనా కృతజ్ఞత చెప్పాలంటే, నీకు ఆరోగ్యం దక్కాలి అంటారు. రొట్టె ఇచ్చిన దుకాణదారుకూ అదే మాట, బాగా ఆడినవాడికీ అదే మాట. గ్యాలరీలో ఘాజీకి వెయ్యిసార్లు అన్న మాట. వసీలాకు ఇంకో మాట తెలియదు.

"నీకు ఆరోగ్యం దక్కాలి, ఘాజీ," అంది.

అతను మోకాలి వైపు చూసుకున్నాడు. మణికట్టు తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ముందు అతనే నవ్వాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"దక్కనిదల్లా అదొక్కటే పిన్నీ. మిగతా అంతా దక్కింది. లెక్క చూస్తే నేను ఆడిన రోజుల కంటే మంచం మీద ఉన్న రోజులే ఎక్కువ. గెలిచేవాడికి ఎవరైనా అరుస్తారు. లియోన్‌లో రెండో ఆపరేషన్ అయి పడుకుంటే నాసర్ ఫోను చేసి, కొట్లో అందరి చేతా హూతా అలీక్ అనిపించాడు. నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది, ఏదో గొడవ అయిందని. ఒక్క బంతి కొట్టకుండా పడుకున్నవాడికి అరిచారు మీరు. అది నేను ఎక్కడ పెట్టుకోను?"

"పెట్టుకుని క్లబ్బుకు ఎందుకు రాలేదు ఇన్నేళ్లు?"

"వస్తే చేప తెస్తావుగా." అతను తల్లి వైపు చూశాడు. "అమ్మను అడుగు."

"ఒట్టు నా నోటికి వేశాను, కళ్లకు వేయలేదు," అంది జైనెబ్. "ఆ గేటు దగ్గర, అందరి ముందు, నువ్వు మళ్లీ చేప పెట్టి వీణ్ణి దాటమంటే నేను ఊరుకోను. వీడికి ముందే చెప్పాను. చేప కనిపిస్తే ఒట్టయినా చూడకుండా నోరు విప్పుతాను. అందుకే నీకు ఫోనులో వద్దన్నాడు. నా నుంచి నిన్ను కాపాడుతున్నాడు. నా కడుపున పుట్టినవాడు."

వసీలా లేచి నిలబడింది. "ఎవరూ నన్ను కాపాడనక్కర్లేదు. సాయంత్రం మైకు నా చేతికి వస్తుంది. నేనే చెబుతాను."

"వద్దు," అన్నాడు ఘాజీ.

"పదకొండేళ్లు నా చేత సెంటర్ ఫార్వర్డు అనిపించుకున్నావు."

"ఒక్క గోలు కొట్టకుండా ఆ పేరు ఎవరికి వస్తుంది చెప్పు? నాకు బాగానే ఉంది. పిన్నీ, విను. చిన్నదానికి వచ్చే నెల నిశ్చితార్థమట. నువ్వు ఈ సాయంత్రం నోరు తెరిస్తే పదకొండేళ్లు నేను చేసింది ఏమవుతుంది? నాకు కృతజ్ఞత చెప్పాలనుంటే నోరు మూసుకుని రా. చేప లేకుండా రా. నా పక్కన నిలబడు. అంతే."

జైనెబ్ చర్మూలా గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. రొట్టె పెట్టలేదు. తలుపు మాత్రం వెయ్యలేదు.

సాయంత్రం ఎండ కోర్టు ఎర్రమట్టి మీదికి వాలేసరికి గేటు బయట జనం నిండారు. పలెర్మో ఓడలో వెళ్లినవాళ్లు, అప్పటికి పుట్టనివాళ్లు, మనవలను భుజాల మీద ఎక్కించుకున్నవాళ్లు. పెద్ద కోర్టు గోడ మీద పేరుకు తెల్ల గుడ్డ కప్పి ఉంది. స్తంభాలకు లౌడ్‌స్పీకర్లు కట్టారు. వసీలా గేటు లోపలి వైపు, క్లబ్బు అధ్యక్షుడి పక్కన నిలబడింది. నోరు మూసుకుంటానని ఆమె ఒప్పుకోలేదు. తెరుస్తానని కూడా తనతో తాను తేల్చుకోలేదు. చిన్న కూతురు సేమా ముందు వరసలో నిలబడి చెయ్యి ఊపుతోంది.

కారు ఆగింది. ఘాజీ దిగాడు. వెనక జైనెబ్ దిగింది. రేడియో మనిషి ముందుకు వచ్చి ఘాజీ కాలరుకు చిన్న మైకు తగిలించాడు. జనం అరవడం మొదలుపెట్టారు. ఆ అరుపు వినగానే ఘాజీ ఆగి కళ్లు మూసుకున్నాడు. గోడ అవతల నిలబడి విన్న చప్పట్లు వసీలాకు గుర్తొచ్చాయి. ఈసారి తను గోడకు ఇవతల ఉంది.

అప్పుడు జనం రెండుగా విడిపోయారు. మధ్యలోంచి హెడీ వచ్చాడు. తల మీద ఈతాకు తట్ట. తట్టలో చేతి పొడవు చేప, నీళ్లోడుతూ.

"వద్దన్నాడట మొహమాటానికి," అన్నాడు హెడీ జనం వైపు తిరిగి. "స్ఫాక్స్ వాడికి చేప వద్దా? పొద్దున వేలంలో మొదటి చేప ఇదే. మేమందరం కలిసి తెచ్చాం."

గేటు ముందు సిమెంటు నేల మీద చేపను పెట్టాడు. జనం "హూతా అలీక్" అన్నారు. చేప కింద నీళ్లు నెమ్మదిగా పాకి ఘాజీ బూట్ల దాకా వచ్చాయి.

వసీలా జైనెబ్ మొహం చూసింది. జైనెబ్ చేప వైపు చూస్తోంది. పెదవులు విడివడ్డాయి.

నేల మీద పెట్టిన చేపను, ఎవరూ దాటకముందే, హన్నానా ఎత్తదు. ఎత్తితే అది చావు కబురంత చెడ్డది. ముప్పై ఏళ్లలో వసీలా ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. ఇప్పుడు గేటు తోసుకుని వచ్చి, అందరి ముందు వంగి, చేప కింద రెండు చేతులూ పెట్టింది.

అరుపు ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో ఆడమనిషి "అయ్యో, ఇదేమిటి?" అన్నది. సేమా చెయ్యి ఊపడం మానేసింది.

ఘాజీ వంగలేడు. చెయ్యి చాపి వసీలా భుజం పట్టుకున్నాడు. ఆమెకొక్కదానికే వినపడాలని గొంతు తగ్గించి మాట్లాడాడు.

"వదిలెయ్ పిన్నీ. దాటుతాను. ఆ రోజు ఆరే దాటాను. ఏడోది మిగిలిపోయింది. ఈసారి నీళ్లు తుడువు, చాలు."

ఆమె తల మీది ముసుగు తీసి, జనం చూస్తుండగా నేల తుడిచింది. పొడిగా అయ్యేదాకా తుడిచింది. లేచి అతని కుడి చెయ్యి పట్టుకుంది. ఎడమ చెయ్యి గాలిలో ఉంది. ఒక క్షణం అలాగే ఉంది. జైనెబ్ వచ్చి దాన్ని పట్టుకుంది.

ఘాజీ ఎడమ కాలు ఎత్తి చేపకు అవతల వేశాడు. బరువంతా ఇద్దరు ఆడవాళ్ల మీద వేసి కుడి కాలు లాక్కున్నాడు. అది కూడా అవతల ఆనింది. నిలబడ్డాడు.

ఎవరూ అరవలేదు. వసీలాకు అది వింతగా తోచింది. తలెత్తి చూసింది. జనమంతా ఘాజీ వైపు కాదు, స్తంభాల మీది లౌడ్‌స్పీకర్ల వైపు చూస్తున్నారు. అప్పుడు ఆమెకు అతని కాలరుకున్న మైకు కనిపించింది.

హెడీ ఖాళీ తట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఏ రోజు, ఘాజీ?" అన్నాడు. "ఏ రోజు ఆరు దాటావు?"

హెడీ అతని కుడి కాలి వైపు చూశాడు. తర్వాత దూరంగా ఆపి ఉన్న తన టాక్సీ వైపు, దాని ముందు సీటు వైపు చూశాడు. నవ్వు అప్పుడు పోయింది.

అధ్యక్షుడి చేతిలో సభ మైకు ఉంది. వసీలా దాని కోసం చెయ్యి చాపింది. పక్క నుంచి ఇంకో చెయ్యి ముందుకొచ్చింది, ఉల్లిపాయ వాసనతో. మైకు ముందుగా అందుకున్నది జైనెబ్.

ఆమె దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, ముందు వరసలో ఉన్న సేమా వైపు చూసింది.

"ఆ రోజు," అంది, "చేప పెట్టింది…"